అడగని టిప్పు

బావగారు రిటైరయిన సందర్భంగా నలుగురూ కలిసి ఓడలో ఓ వారం తిరిగి రావాలన్నది బుజ్జి ఆలోచన. బుజ్జి అంటే చిన్నపిల్లవాడు కాదు. నలభై దాటి, నడినెత్తిన జుట్టు పలచబడి, సొంతంగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకుంటున్న మనిషి. దుకాణానికి వచ్చేవాళ్ళందరూ అతన్ని సార్ అనే పిలుస్తారు. అక్కకి మాత్రం ఇప్పటికీ బుజ్జే. ఆవిడ ఆ పిలుపు పిలిచిందంటే చాలు, అతను చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి లేచి నిలబడతాడు.

వాళ్ళమ్మ పోయేనాటికి అతనికి ఇంకా ఊహ సరిగ్గా తెలియదు. అక్కే కుట్టుమిషను తొక్కి పెంచింది, చదివించింది. పెళ్ళయి వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకునే వెళ్ళింది. బావగారు దానికి ఒక్క మాట అనలేదు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. టికెట్ లేనివాణ్ణి దారిలో దించేసేటప్పుడు కూడా "మీరు" అనే పిలిచేవారని డిపోలో పేరు. మెత్తటి మనిషే గానీ, తప్పు కళ్ళబడితే ఊరుకోలేరు.

అక్క పొదుపు సంగతి చుట్టాలందరికీ తెలుసు. అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికిస్తుంది. పాత చొక్కా పారేసే ముందు బొత్తాలన్నీ కోసి డబ్బాలో వేసుకుంటుంది. ఆవిడ నోట దుబారా అన్న మాట వస్తే ఇంట్లో ఫ్యాన్లు వాటంతటవే ఆగిపోతాయని బావగారు వేళాకోళమాడేవారు.

ఓడలో పెద్ద భోజనాల హాలు ఉంది. అక్కడి తిండి టికెట్లోనే కలిసి ఉంటుంది. అది కాక పై అంతస్తులో ఒక చిన్న రెస్టరెంటు, చేపల వంటకాలకి ప్రత్యేకం. అక్కడ తినాలంటే విడిగా డబ్బు కట్టాలి, ముందే టేబుల్ చెప్పుకోవాలి. బావగారికి చేపలంటే ప్రాణం. బుజ్జి ఎవరికీ చెప్పకుండా నలుగురికీ టేబుల్ చెప్పేశాడు.

"కింద అంత పెద్ద హాల్లో ఊరికే పెడుతుంటే, పైకెళ్ళి డబ్బిచ్చి తినడం ఏంట్రా?" అంది అక్క.

"ఊరికే కాదక్కా. అదీ మనం టికెట్లో కట్టిందే."

"కట్టింది వదిలేసి ఇంకోచోట తింటే అది ఇంకా దుబారా కదరా!"

బుజ్జి భార్య నవ్వు ఆపుకుంటూ, "ఒక్క పూటే కదా వదినా, అన్నయ్యగారి కోసం," అంది. ఆమె పిల్లలకి వీణ నేర్పుతుంది. ఎవరితోనైనా శ్రుతి కలిపి మాట్లాడటం ఆమెకి బాగా తెలుసు.

అక్క మెత్తబడింది గానీ, ఇంకో అనుమానం బయటపెట్టింది. "తిన్నాక మళ్ళీ టిప్పులూ గిప్పులూ అంటారేమో?"

ఆ సంగతి మీద ఓడలో అప్పటికే పెద్ద చర్చ నడుస్తోంది. లిఫ్టులో ఒకాయన, అన్నీ కట్టేశాక మళ్ళీ చేతిలో పెట్టడమేమిటి అంటాడు. ఈత కొలను దగ్గర ఇంకొకావిడ, ప్రత్యేకమైన చోట తిని ఏమీ ఇవ్వకుండా లేచి రావడం మర్యాద కాదంటుంది. బుజ్జి గదిలో ఉన్న రెస్టరెంటు నియమాల కార్డు తీసి అక్కకి చదివి వినిపించాడు. సర్వీసు చార్జీ బిల్లులోనే కలిసి ఉంటుంది, విడిగా ఏమీ ఇవ్వనక్కర్లేదు, సిబ్బంది అడగకూడదు. అక్క తృప్తిగా తల ఊపి మంచి చీర తీసింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. కిటికీ పక్క టేబుల్. సన్నమీసాల సర్వర్ ఒకతను వచ్చి కుర్చీలు లాగి కూర్చోబెట్టాడు. అతనిదీ దాదాపు బుజ్జి వయసే. అటూ ఇటూ సగం సగం వచ్చిన భాషలోనే, అక్కకి ఏ వంటకంలో ఏముందో ఓపిగ్గా చెప్పాడు.

బావగారి కుడిచెయ్యి కొంతకాలంగా వణుకుతోంది. ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆయన టీ కప్పు సగానికే పోయించుకుంటారు, సంతకం చెయ్యాల్సివస్తే పక్కగదిలోకి వెళ్ళి చేసి తెస్తారు. అందరూ చూస్తారు, చూడనట్టే ఉంటారు. ఆ సాయంత్రం సూపు రాగానే ఆయన చెంచా ముంచారు. చెంచా గిన్నె అంచుకి తగిలి గలగలమంది. ఆయన వెంటనే దాన్ని కింద పెట్టేసి, "వేడిగా ఉంది, చల్లారనీ," అంటూ కిటికీలోంచి సముద్రం కేసి చూడసాగారు.

సర్వర్ వచ్చి నాలుగు గిన్నెలూ తీసుకెళ్ళిపోయాడు. కాసేపటికి పిడి ఉన్న కప్పుల్లో సూపు తెచ్చి నలుగురి ముందూ పెట్టాడు. ఇలా తాగితే వేడి నిలుస్తుందన్నాడు. తర్వాత చేప వచ్చింది. పక్క టేబుళ్ళ వాళ్ళకి నిండు చేప పెట్టి, కోసుకోవడానికి కత్తి ఇస్తున్నారు. వీళ్ళకి మాత్రం ముళ్ళు తీసి, నోట్లో పెట్టుకునేంత ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ చేప ఆకారంలో పేర్చి తెచ్చాడు. నాలుగు ప్లేట్లూ అలాగే. మా వంటాయన ఇవాళ ఇలా వడ్డించమన్నాడు అని మాత్రం చెప్పి తప్పుకున్నాడు.

బావగారు కడుపునిండా తిన్నారు. తింటూ తింటూ, పెళ్ళికి వెళ్తూ టికెట్ కొనడం మర్చిపోయిన పెళ్ళికొడుకు కథ చెప్పారు. అక్క ఆ కథ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. అయినా నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. బావగారు అంత హాయిగా తిని చాలా కాలమైందని బుజ్జికి అనిపించింది.

అక్కా బావా సూర్యాస్తమయం చూస్తామని ముందు లేచి బయటికి వెళ్ళారు. బిల్లు వచ్చింది. సర్వీసు చార్జీ కలిసే ఉంది. దాని కింద, ఇంకా ఏమైనా ఇవ్వదలిస్తే రాసుకోమన్నట్టు ఒక ఖాళీ గీత.

"ఇద్దామండీ," అంది భార్య మెల్లగా. "ఆయన చేసింది చూశారుగా."

బుజ్జి గీత మీద ఏమీ రాయలేదు. జేబులోంచి నోటు తీసి మడిచి, కరచాలనం చేస్తున్నట్టు సర్వర్ చేతిలో పెట్టాడు. అతను వెనక్కి తగ్గాడు.

"అంతా బిల్లులో ఉంది సార్. అవసరం లేదు."

"తెలుసు. ఇది నా తృప్తికి."

సర్వర్ ఒక్క క్షణం తటపటాయించి తీసుకున్నాడు.

వీళ్ళు బయటికి వచ్చి అక్కనీ బావగారినీ కలుసుకునేసరికి, అక్క కుర్చీ మీద మర్చిపోయిన శాలువా పట్టుకుని సర్వర్ వెనకే వచ్చాడు. దాన్ని అక్క చేతికి ఇస్తూ, మీ తమ్ముడుగారిది పెద్ద మనసమ్మా, అని, బుజ్జికి మరోసారి థాంక్స్ చెప్పి నవ్వి వెళ్ళిపోయాడు.

అక్క శాలువా మడిచింది. తమ్ముడి వైపు తిరిగింది.

"ఏమిచ్చావురా?"

అసలు కారణం బుజ్జి నాలుక చివరే ఉంది. కానీ ఎదురుగా బావగారు, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని నిలబడి ఉన్నారు. మీ చెయ్యి చూసి అతను అలా చేశాడు, అందుకే ఇచ్చాను అని ఎలా అంటాడు? పైగా కార్డు చదివి వినిపించింది తనే. అక్క కనుబొమలు అప్పటికే పైకి లేచాయి.

"నేనై ఇవ్వలేదక్కా. అతనే అడిగాడు," అనేశాడు. "అలా అడిగితే మొహమ్మీద లేదనలేం కదా."

"అడిగాడా? అంత మర్యాదగా కనిపించినవాడు!"

"అడిగాడు," అన్నాడు బుజ్జి మళ్ళీ. రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టం కాలేదు.

భార్య చప్పున అతని వైపు చూసి, తలదించుకుంది. బావగారు "అలాగా," అన్నారంతే.

గదిలోకి వెళ్ళగానే భార్య అడిగింది. "ఆ మాట ఎందుకన్నారండీ?"

"ఏదో నోటికొచ్చింది. బావగారి ముందు ఇంకేం చెప్పను? రేపటికి ఎవరికీ గుర్తుండదులే."

మర్నాడు నిజంగానే ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ మరుసటి రోజు పొద్దున్న ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకునే పెద్ద హాల్లో టిఫిను చేస్తుంటే, ఎంగిలి ప్లేట్ల బండి తోసుకుంటూ ఒకతను వచ్చాడు. తెల్లకోటు లేదు. బూడిదరంగు చొక్కా, చేతికి రబ్బరు తొడుగులు. మీసం చూసి బుజ్జి గుర్తుపట్టాడు.

"అతనే కదూ?" అంది అక్క.

"అతనే," అన్నారు బావగారు. రొట్టెముక్క పక్కన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా చెప్పారు. "నిన్న రిసెప్షన్‌కి వెళ్ళి నేనే చెప్పాను. టిప్పు అడిగాడని. ఊరుకుంటే రేపు ఇంకొకర్ని అడుగుతాడు."

బుజ్జి ఎంగిలి ప్లేట్ల బండి వైపు చూశాడు. భార్య తన ప్లేటు తీసుకుని లేచి, ఇంకేదో వడ్డించుకునే మిషతో దూరంగా వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని బుజ్జికి అనిపించింది.

ఆ పూటంతా బుజ్జి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యేవేళకి వెళ్ళి, టేబుళ్ళు తుడుస్తున్న సర్వర్ దగ్గర నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియక జేబులో చెయ్యి పెట్టాడు. నోటు బయటికి రాకముందే అతను రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"వద్దు సార్, దయచేసి. పైన కెమెరా ఉంది."

"మిమ్మల్ని ఇక్కడికి ఎందుకు మార్చారు?" బుజ్జి తెలియనట్టే అడిగాడు. అడిగాక తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎవరో నేను టిప్పు అడిగానని చెప్పారట సార్. ఎవరన్నది మాకు చెప్పరు. ఆ సాయంత్రం చాలా టేబుళ్ళు చూశాను." గుడ్డ పిండాడు. "ఏ టేబుల్ దగ్గర ఏమన్నానో, ఏ మాట అలా వినిపించిందో గుర్తుచేసుకుంటూనే ఉన్నాను. మీ అవతలి టేబుల్లో ఒక పెద్దావిడకి బిల్లులో ఆ గీత ఏమిటో వివరించాను. బహుశా అదే తప్పయి ఉంటుంది. మీరు కాదులెండి సార్. మీరు మంచివాళ్ళు."

బుజ్జి తల ఊపి వచ్చేశాడు. అద్దాల తలుపులో తన మొహం కనపడితే చూపు తిప్పుకున్నాడు.

అక్కణ్ణుంచి సరాసరి రెస్టరెంటు మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాడు. నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకున్న మనిషి. చెప్పిందంతా విని, ముఖంలో ఏ మార్పూ లేకుండా అంది:

"ఫిర్యాదు చేసింది మీరు కాదు కదండీ."

"మా బావగారు. నేను చెప్పిన అబద్ధం నమ్మి చేశారు. అతను అడగలేదు. నేనే బలవంతంగా ఇచ్చాను."

"మీరు మంచి మనసుతో వచ్చారు. ఇలా చాలామంది వస్తారు. మనిషిని ఎంగిలి ప్లేట్లు తీస్తుండగా చూసి జాలిపడి, అబ్బే ఏమీ జరగలేదంటారు. నేను ఎవరి మాట నమ్మను చెప్పండి? ఫిర్యాదు చేసిన పెద్దాయన్ని తీసుకురండి."

ఇంకో దారి లేదు. బావగారు రోజూ పైన డెక్కు మీద నడిచే వేళకి బుజ్జి వెళ్ళి పక్కన కలిశాడు. గాలి హోరుకి బావగారు టోపీని చేత్తో నొక్కి పట్టుకుని నడుస్తున్నారు.

"బావా, మీతో ఒక మాట. ఆ సర్వర్ నన్ను టిప్పు అడగలేదు."

బావగారు ఆగిపోయారు.

"నేనే ఇచ్చాను. అతను వద్దన్నాడు కూడా. అక్క తిడుతుందని అలా అనేశాను." ఇక దాచడానికి మిగిలింది ఒక్కటే. అదీ చెప్పేశాడు. "మీ చెయ్యి చూసి అతను కప్పులు మార్చాడు, చేప కోసి తెచ్చాడు. నాకు చాలా బాగా అనిపించింది. అది మీ ముందు చెప్పలేకపోయాను."

బావగారు రెయిలింగు దగ్గరికి వెళ్ళి పట్టుకున్నారు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నారు. "పక్కవాళ్ళందరికీ నిండు చేప పెట్టి మనకి ముక్కలు పెడితే అర్థం కాదూ? నా ఒక్కడి ప్లేటే అలా తెచ్చుంటే లేచి వచ్చేసేవాణ్ణి. నలుగురికీ తెచ్చాడు. ఎంత సంస్కారం ఉన్న మనిషో అనుకున్నాను. బయట నిలబడి మీ అక్కతో అదే చెప్పాను, ఎవరికీ చెప్పుకోని అవిటితనాన్ని పరాయివాడు బయటపడకుండా కాపాడాడే అని. అంతలో నువ్వొచ్చి, అడిగి పుచ్చుకున్నాడన్నావు."

"బావా..."

"అయితే నా చెయ్యి చూసి బేరం పెట్టాడన్నమాట అనుకున్నాను. అది తట్టుకోలేకపోయాను బుజ్జీ. నియమం కోసం వెళ్ళానని మీతో అన్నాను గానీ, అది కాదు. నా కడుపుమంట. నా జీవితంలో కోపంతో ఎవరి మీదా రిపోర్టు రాయలేదు. మొదటిసారి రాశాను, అదీ తప్పు చెయ్యనివాడి మీద."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బుజ్జి కాళ్ళ మీద పడేవాడేమో. ఆ మెత్తటి గొంతు ముందు ఏం చెయ్యాలో తోచలేదు.

"పద," అన్నారు బావగారు. "ముందు ఆవిడ దగ్గరికి వెళ్దాం. మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పుకో."

మేనేజరమ్మ ఈసారి కుర్చీ చూపించింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని బావగారు వణికే చేత్తోనే, వాళ్ళిద్దరి ఎదుటే సంతకం చేశారు. ఆవిడ కాగితం తీసుకుని, అతని మీద మచ్చ ఉండదని మాట ఇచ్చింది. కానీ అతని స్థానంలో అప్పటికే ఇంకొకరిని వేశారు. ఆ మనిషికీ ఇదే మొదటి అవకాశం. ఈ ప్రయాణం పూర్తయ్యేదాకా మార్చడం కుదరదు, వచ్చే ప్రయాణం నుంచి అతన్ని మళ్ళీ పైకి తీసుకుంటామంది. అప్పటిదాకా పై రెస్టరెంటు సర్వీసు చార్జీలో అతనికి వాటా ఉండదని బావగారు అడిగి తెలుసుకున్నారు. దానికి తను డబ్బు కడతానని బుజ్జి అనబోతే, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంక మీరు ఏమీ ఇవ్వకండి. దయచేసి."

అక్క గదిలో మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు చెప్పినంతసేపూ ఆవిడ చేతులు ఆగలేదు. పూర్తయ్యాక ఆగాయి.

"అడక్కుండానే ఇచ్చానంటే నేనేం చేసేదాన్నిరా? కొట్టేదాన్నా?"

"తిట్టేదానివి."

"తిడితే?"

బుజ్జి మంచం మీది బట్ట ఒకటి అందుకుని మడవబోయాడు.

"చిన్నప్పట్నుంచీ నా నోటికి జడిసే పెరిగావన్నమాట." అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "పైసా పైసా కూడబెట్టింది ఎవరికీ ఏమీ పెట్టకూడదని కాదు బుజ్జీ. నువ్వు ఒకరి ముందు చెయ్యి చాపకూడదని. అలాంటిది, చెయ్యి చాపని మనిషిని చాపాడన్నావు. నా తిట్టు తప్పించుకోడానికి ఒకడి కూడు పడగొట్టావు."

"తప్పయిపోయిందక్కా."

"నాతో అంటే ఏం లాభం?" అంది. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, "నిన్ను నేనిలా తయారుచేశానా," అంది. ఆ మాట బుజ్జికి తిట్టు కన్నా లోతుగా దిగింది. కాదక్కా అన్నాడు. ఆవిడ విననట్టే మళ్ళీ బట్టలు అందుకుంది.

ఓడ దిగే ముందురోజు టిఫిను వేళకి సర్వర్ తనంతట తనే వాళ్ళ టేబుల్ దగ్గరికి వచ్చాడు. మేనేజరమ్మ అతనికి చెప్పినట్టుంది. బావగారు లేచి నిలబడ్డారు. ఆయనకి వచ్చిన నాలుగు పరాయి మాటల్నీ కూడగట్టుకుని, నా వల్ల పొరపాటు జరిగింది, క్షమించండి అన్నారు. సర్వర్ కంగారుగా ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"మీరు విన్నది నమ్మారు సార్. మీ తప్పు లేదు."

అప్పుడు బుజ్జి వైపు తిరిగాడు. కోపం లేదు. నవ్వూ లేదు.

"మీరు వెళ్ళి నిజం చెప్పారట సార్. థాంక్స్. కానీ నేను అడిగానని ఎందుకన్నారు? ఇన్నాళ్ళూ నా మాటల్లోనే ఏదో తప్పుందనుకున్నాను. టేబుల్ దగ్గర నోరు విప్పాలంటేనే భయమేస్తోంది."

బుజ్జికి అక్క పక్కనే కూర్చున్న సంగతి తెలుస్తూనే ఉంది. ఈసారి ఆవిడ వైపు చూడలేదు.

"మా అక్క తిడుతుందని భయపడ్డాను," అన్నాడు.

సర్వర్ అర్థం కానట్టు చూశాడు. ఇంకేదో ఉంటుందని ఎదురుచూశాడు. ఇంకేమీ లేదని తెలిశాక మెల్లగా అడిగాడు:

"అంతేనా సార్?"

"అంతే."

సర్వర్ తల ఊపాడు. క్షమించానని గానీ, పర్వాలేదని గానీ అనలేదు. అక్క ముందున్న ఖాళీ కప్పు తీసుకుని, "ఇంకొంచెం టీ తెమ్మంటారా అమ్మా?" అని అడిగాడు. అక్క వద్దంది. వద్దంటూ అతని మొహం కేసి చూసి, ఇద్దరికీ సగమే వచ్చిన భాషలో కాక తన తెలుగులోనే, "బాబూ, వీణ్ణి పెంచింది నేనే," అంది. అతనికి ఎంత అర్థమైందో తెలియదు. ప్లేట్లు పేర్చుకుని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

బుజ్జి లేచి అతని వెనక నాలుగడుగులు వేశాడు. ఇంకా ఏదో చెప్పాలని ఉంది. వంటగది తలుపు దాకా వెళ్ళేసరికి లోపల్నుంచి ఒకామె మరిగే నీళ్ళ పాత్ర పట్టుకుని వస్తోంది.

"కొంచెం పక్కకి జరగండి సార్," అన్నాడు సర్వర్ వెనక్కి తిరిగి. "కాలుతుంది."

బుజ్జి పక్కకి జరిగాడు. తలుపు అటూ ఇటూ ఊగి మూసుకుంది. బుజ్జి ముగ్గురూ కూర్చున్న టేబుల్ దగ్గరికి తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.